సర్కస్ కుటుంబాల్లో విద్య ఒక తరం నుంచి మరో తరానికి నిజంగా ఎలా అందుతుంది?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెబుతాను. మీ తాతగారు ట్రపీజ్ (ఎత్తున తాళ్లకు వేలాడే కడ్డీ) మీద ఎగిరేవారు, మీ నాన్నగారు క్యాచర్‌గా, అంటే ఎగిరి వచ్చేవారిని గాలిలో పట్టుకునే మనిషిగా పనిచేసి భుజం దెబ్బతినడంతో విరమించుకున్నారు, మీరు ఆ దారిలోకి రాకుండా వేరే ఉద్యోగంలో స్థిరపడ్డారు. ఇప్పుడు మీ పదకొండేళ్ల పాప, ఏడేళ్ల బాబు తాతముత్తాతల ఫొటోలు చూసి తామూ నేర్చుకుంటామంటున్నారు. ఈ విద్య రక్తంలో వస్తుందా, మధ్యలో ఒక తరం తప్పితే తెగిపోయినట్టేనా, ఇప్పుడు మొదలుపెడితే ఆలస్యమైనట్టా, ఇంట్లో ఉన్న నాన్నగారి పాత సామగ్రి వాడుకోవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, రక్తంలో వచ్చేది చాలా తక్కువ. అనుభవజ్ఞుడి పక్కన ఉండి రోజూ చూడటం వల్ల, ఆయన దిద్దుతుండగా చేయడం వల్ల వచ్చేదే దాదాపు అంతా. ఒక తరం తప్పినంత మాత్రాన పరంపర తెగిపోదు. అయితే అంతకు ముందు తరం మనిషి కళ్లతో చూసి నోటితో దిద్దగలిగే స్థితిలో ఉండాలి, మీ ఇంట్లో ఆ మనిషి ఉన్నారు. ఏడేళ్లు, పదకొండేళ్లు ఆలస్యమేమీ కాదు. మంచి శిక్షణాశాలలో మొదలుపెట్టించండి, నాన్నగారిని రెండో గురువుగా కూర్చోబెట్టండి, ప్రేక్షకుల ముందు ప్రదర్శన గురించి ఇప్పట్లో ఆలోచించకండి. పాత సామగ్రి మీదికి మాత్రం పిల్లలను ఎక్కించవద్దు. నేను చాలాకాలం క్యాచర్‌గా చేసి తరువాత శిక్షకుడిగా మారినవాణ్ణి. సర్కస్ కుటుంబాల పిల్లలకూ, ఆ వాసనే తెలియని ఇళ్ల పిల్లలకూ కలిపి నేర్పాను కాబట్టి ఈ రెండు రకాల పిల్లల మధ్య తేడా ఎక్కడ ఉంటుందో, ఎక్కడ ఉండదో దగ్గరగా చూసే అవకాశం దొరికింది.

అసలు సర్కస్‌లో కుటుంబం ఎందుకంత ముఖ్యమైందో ముందు చూడాలి. ఫిలిప్ ఆస్ట్లీ 1768లో లండన్‌లో వలయాకారంలో గుర్రపు స్వారీ ప్రదర్శనలు మొదలుపెట్టాడు. ఆయన చివరికి ఖాయం చేసుకున్న 42 అడుగుల, అంటే సుమారు 13 మీటర్ల వ్యాసం గల రింగు ప్రపంచమంతటా ప్రమాణంగా నిలిచిపోయింది. ఒక ఊళ్లో ఆ వలయంలో నేర్పిన గుర్రం మరో దేశంలోనూ అదే వలయంలో అదే వేగంతో పరుగెత్తుతుంది కాబట్టి, ఒక కుటుంబం తన ఐటంను మూటగట్టుకుని ఎక్కడికైనా వెళ్లగలిగింది. స్థిరమైన ఇల్లు, బడి, పొరుగు లేని ఆ సంచారజీవితంలో పిల్లవాడికి దొరికే గురువులు తల్లిదండ్రులు, దొరికే ఆటస్థలం రింగు. ప్రతిభ కంటే ముందు ఈ ఏర్పాటే వంశాలను తయారుచేసింది.

దీనికి శరీరానికి సంబంధించిన కారణం ఇంకొకటి ఉంది. దీన్ని బయటివాళ్లు సాధారణంగా గమనించరు. మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడే ఐటంను తీసుకోండి. పైన నిలబడేవారు తేలికగా, చిన్నగా ఉండాలి. మధ్యలో ఉండేవారికి సమతూకం, కింద ఉండేవారికి బలం, నిలకడ కావాలి. ఎనిమిదేళ్ల పిల్ల పైన మొదలవుతుంది, పదిహేను దాటేసరికి మధ్యకు దిగుతుంది, పాతికేళ్లకు కిందికి వస్తుంది, నలభై దాటాక రింగు పక్కన నిలబడి రక్షణతాడు పట్టుకుంటుంది, ఆ తరువాత నేర్పుతుంది. అంటే ఒకే ఐటంలో ఒక మనిషి జీవితమంతా ఇమిడి ఉంటుంది. ప్రతి కొన్నేళ్లకూ పైన నిలబడే కొత్త పిల్ల కావాలి. అన్నదమ్ముల పిల్లలు, మేనత్త మేనమామల పిల్లలు కలిసి ఉన్న ఇంట్లో ఈ భర్తీ సహజంగా జరిగిపోతుంది. నేను పనిచేసిన ఒక కుటుంబంలో పైన నిలబడే అమ్మాయి పదమూడేళ్లకు ఒక్కసారిగా పొడుగు పెరిగింది, ఆమె తరువాత ఇంట్లో చిన్నవాళ్లు లేరు. ఆమెను అన్నం తగ్గించి తినమని ఒత్తిడి చేయాలని ఇంట్లో ఒకరిద్దరు అన్నారు. ఆ ఇంటి అమ్మమ్మ ఒప్పుకోలేదు. ఐటంనే మార్చి, ఇద్దరు భుజాల మీద మోసే, వంగి సాగే రష్యన్ బార్ మీద ఆ అమ్మాయిని ఎగిరించడం మొదలుపెట్టారు. పిల్లను ఐటంకు సరిపెట్టకుండా ఐటంను పిల్లకు సరిపెట్టగలిగిన ఇళ్లలోనే విద్య మూడో తరం దాకా సాగడం నేను చూశాను.

కుటుంబం అంటే రక్తసంబంధమేనని అనుకోకండి. 19వ శతాబ్దంలో సర్కస్ విద్య చాలావరకు శిష్యరికంగానే నడిచింది. గురువు దగ్గర చేరిన పిల్లవాడు ఆ గురువు ఇంట్లోనే పెరిగి, తరచుగా ఆయన పేరుతోనే రింగులోకి వచ్చేవాడు. ప్రఖ్యాతులైన హాన్లన్ సోదరులు జాన్ లీస్ అనే గురువు దగ్గర శిక్షణ పొంది ఆయన పేరును తమ పేరుతో కలుపుకొని హాన్లన్-లీస్ అయ్యారు. బ్రిటన్‌లో తొలి నల్లజాతి సర్కస్ యజమానిగా చరిత్రకెక్కిన పాబ్లో ఫాంక్ చిన్ననాడే విలియం బ్యాటీ దగ్గర శిష్యుడిగా చేరినవాడు. భారతదేశంలో కీలేరి కుంజికన్నన్ అనే వ్యాయామవిద్యా గురువు 1901లో తలశ్శేరి దగ్గర చిరక్కరలో సర్కస్ శిక్షణాశాల తెరిచాడు. ఆయన శిష్యులు, వాళ్ల శిష్యులు దశాబ్దాలపాటు భారతీయ సర్కస్‌కు కళాకారులను అందించారు. చైనాలో హెబేయ్ ప్రాంతంలోని వుచియావ్‌లో ఇది ఒక ఇంటికో ఒక వంశానికో పరిమితం కాకుండా ఊరూరా పాకిన విద్య. కాబట్టి 'మాది ఏడో తరం' అని ఎవరైనా అన్నప్పుడు ఆ ఏడు తరాలలో పెంపుడు బిడ్డలు, శిష్యులు, అల్లుళ్లు, కోడళ్లు ఎంతమంది ఉన్నారో కూడా చూడాలి. స్విట్జర్లాండ్‌కు చెందిన క్నీ వంశం 1803 నాటి ఫ్రెడ్రిక్ క్నీ నుంచి మొదలై ఇప్పటికీ గుర్రాలతో ప్రదర్శనలిస్తోంది. ఆ ఫ్రెడ్రిక్ సర్కస్‌లో పుట్టినవాడు కాదు, వైద్యవిద్య వదిలిపెట్టి వచ్చినవాడు. ప్రతి వంశానికీ మొదట్లో బయటినుంచి వచ్చిన మనిషి ఒకరు ఉంటారు. మీ తాతగారికి ఎవరు నేర్పారో నాన్నగారిని అడిగి చూడండి, జవాబు మీ ఇంటిపేరుతో ఉండకపోవచ్చు.

స్త్రీల వైపు నుంచి వచ్చిన పరంపర ఇంటిపేర్ల లెక్కలో కనిపించకుండా పోతుందన్న విషయం కూడా ఇక్కడే చెప్పాలి. గాలిలో వేలాడే తాడు మీద తన భుజం చుట్టూ తానే పదులకొద్దీ సార్లు తిరిగే విన్యాసంతో ప్రసిద్ధురాలైన లిలియన్ లీట్జెల్ ఆ విద్యను తల్లి నుంచి, పిన్నుల నుంచి నేర్చుకుంది. వాళ్లతో కలిసి ప్రదర్శనలిచ్చిన తరువాతే ఒంటరిగా నిలబడింది. అయినా సర్కస్ చరిత్ర రాసేటప్పుడు వంశవృక్షాన్ని తండ్రి పేరు పట్టుకునే గీస్తారు. మీ నానమ్మగారు కూడా సర్కస్ మనిషే అయితే, పిల్లలకు ఆమెకు తెలిసినది ఏమైనా మిగిలి ఉందేమో వెతకండి. దుస్తులు కుట్టడం, రింగులోకి నడిచి వచ్చే తీరు, వందనం చేసే తీరు, తప్పిన విన్యాసాన్ని ప్రేక్షకులు కంగారు పడకుండా మళ్లీ ఎత్తుకునే తీరు చాలా ఇళ్లలో ఆడవాళ్లే నేర్పుతారు. నా అభిప్రాయంలో ఇవి విన్యాసం కంటే ఏమాత్రం తక్కువ విద్యలు కావు.

ఇక అసలు అందేది ఏమిటన్న విషయానికి వస్తాను. చాలామంది విన్యాసాలే వారసత్వమనుకుంటారు. విన్యాసాలను ఇవాళ వీడియోలు చూసి, మంచి శిక్షకుడి దగ్గర ఎవరైనా నేర్చుకోవచ్చు. కుటుంబంలో అందేవి మరికొన్ని ఉన్నాయి.

మొదటిది, క్రమం. ఏది ముందు, ఏది తరువాత అన్నది. పాతకాలపు ట్రపీజ్ ఇళ్లలో పిల్లవాడికి ఎగరడం కంటే ముందు పడటం నేర్పుతారు. వలలోకి వెల్లకిలా, వీపు విశాలంగా ఆనేలా, గడ్డం ఛాతీకి దగ్గరగా ఉంచి, చేతులు వెనక్కి చాపకుండా పడాలి. నిటారుగా కాళ్ల మీద పడితే చీలమండలు, మోకాళ్లు పోతాయి, బోర్లా పడితే మెడకు ప్రమాదం. ఈ పడే పద్ధతి శరీరానికి ఆలోచన అవసరం లేనంతగా పట్టుబడ్డాకే ఊగడం. ఊగడంలో లయ కుదిరాకే కడ్డీ వదలడం. వదలడం కుదిరాకే రెండో మనిషి చేతుల్లోకి వెళ్లడం. బయటినుంచి వచ్చిన పిల్లలు ఈ తొలి దశలను విసుగ్గా దాటేయాలని చూస్తారు. ఇంట్లో పెరిగిన పిల్లలకు ఆ తొందర ఉండదు, ఎందుకంటే అక్క ఏడాది పొడవునా పడటమే నేర్చుకోవడం వాళ్లు చూసి ఉంటారు. రెండు రకాల పిల్లల మధ్య నేను స్పష్టంగా గమనించిన తేడా ఈ ఓపిక ఒక్కటే. వంగే గుణంలోనో, ధైర్యంలోనో తేడా ఏమీ కనిపించలేదు.

రెండోది, పట్టుకునేవాడికీ ఎగిరేవాడికీ మధ్య ఉండే అంచనా. ఇది మీ నాన్నగారి రంగం కాబట్టి ఆయనకు నాకంటే బాగా తెలిసి ఉంటుంది. 1920ల్లో గాలిలో మూడు పల్టీలను నిలకడగా చేసి పేరు తెచ్చుకున్న ఆల్ఫ్రెడో కొడోనాను పట్టుకున్నది ఆయన సోదరుడు లాలో. 1982 జులై 10న అమెరికాలోని టూసాన్‌లో 17 ఏళ్ల మిగెల్ వాస్కెస్ ప్రదర్శనలో తొలిసారి నాలుగు పల్టీలు పూర్తిచేసినప్పుడు కింద వేలాడుతూ పట్టుకున్నది ఆయన అన్న హువాన్. రెండు సందర్భాల్లోనూ అన్నదమ్ములే కావడం కేవలం కాకతాళీయమని నేను అనుకోను. క్యాచర్ తన ఊపును ఎగిరేవాడి బలహీనతలకు తగ్గట్టు సర్దుకుంటాడు. ఎగిరేవాడు అలసిన రోజున కడ్డీని కాస్త ముందే వదులుతాడని, భయపడిన రోజున ఆలస్యంగా వదులుతాడని క్యాచర్‌కు తెలిసి ఉండాలి. ఇది కలిసి పెరగడం వల్ల త్వరగా వస్తుంది. అయితే బయటివాళ్ల మధ్య రాదని కాదు, ఎక్కువ కాలం పడుతుంది, అంతే. నేను పట్టుకున్న ఫ్లయర్లలో, అంటే ఎగిరేవాళ్లలో, నాకు బంధువులు కాని వాళ్లే ఎక్కువ.

మూడోది, సామగ్రి మీద అనుమానం. నా దృష్టిలో సర్కస్ ఇళ్లలో అన్నిటికంటే విలువైన ఆస్తి ఇదే. ట్రపీజ్ తాళ్లు నేలకు సమాంతరంగా వచ్చేంత ఎత్తునుంచి మనిషి ఊగితే, ఊపు అడుగుకు చేరేసరికి తాళ్ల మీద పడే లాగుడు ఆ మనిషి బరువుకు మూడు రెట్లు అవుతుంది. క్యాచర్ మరొకరిని పట్టుకున్నప్పుడు అది ఇంకా పెరుగుతుంది. ప్రదర్శన తరువాత ప్రదర్శనగా ఈ భారం పడి లేస్తుంటే లోహం పైకి మెరుస్తూనే లోపల అలసిపోతుంది. నేను పైన చెప్పిన లిలియన్ లీట్జెల్ 1931 ఫిబ్రవరిలో కోపెన్‌హాగన్‌లో తన తాడును పట్టి ఉంచే స్వివెల్ (తాడు మెలిపడకుండా తిరిగే లోహపు బిగింపు) విరిగి కిందపడి రెండు రోజుల తరువాత మరణించింది. తీగ మీద నడిచే వాలెండా కుటుంబపు పెద్ద కార్ల్ వాలెండా 1978 మార్చి 22న ప్యుర్టోరికోలోని సాన్ హువాన్‌లో 73 ఏళ్ల వయసులో పడి మరణించినప్పుడు, ఆ రోజు గాలి బలంగా ఉన్నా, తీగ కదలకుండా పక్కలకు లాగి పట్టే తాళ్లను సరిగా కట్టకపోవడమే ప్రధాన కారణమని ఆయన కుటుంబం చెప్పింది. ఇద్దరూ తమ తరంలో సాటిలేని నేర్పరులు. ఇద్దరి విషయంలోనూ విఫలమైంది నేర్పు కాదు, బిగింపు.

అందుకే మంచి సర్కస్ ఇళ్లలో పిల్లవాడు పైకి ఎక్కడానికి చాలా ముందే తాడు చుట్టడం, ముడి వేయడం, షాకిల్ (పిన్నుతో మూసే లోహపు కొక్కెం) బిగించి దాని పిన్ను మళ్లీ చూడటం, వల అంచులు తడిమి చూడటం నేర్చుకుంటాడు. ఎవరు ఎక్కుతారో వాళ్లే తమ చేతులతో చివరిసారి పరీక్షించుకోవాలి, ఆ పని ఇంకెవరికీ అప్పగించకూడదు అన్న నియమం నేను ఎరిగిన అన్ని పాత ఇళ్లలోనూ ఉంది. మీ ఇంట్లో ఉన్న సామగ్రి విషయంలో నా జవాబు దీన్నుంచే వస్తుంది. తాళ్లు, వల, షాకిళ్లు, స్వివెళ్లు, కొక్కేలు ఎంత బాగున్నట్టు కనిపించినా వాడకండి. నూలు తాడు గాలి తేమకు లోపలినుంచి కుళ్లుతుంది, ఉక్కు తాడు లోపలి పోగుల తుప్పు బయటికి కనిపించదు, ఏ లోహపు ముక్క మీద ఎన్నిసార్లు ఎంత భారం పడిందో చెప్పే లెక్క ఎవరి దగ్గరా ఉండదు. కడ్డీని మాత్రం ఉంచండి. దాని పొడవు, మందం, దానిమీద పట్టుకోసం చుట్టిన గుడ్డ తీరు కొత్త కడ్డీ చేయించేటప్పుడు పనికొస్తాయి.

వారసత్వంగా మంచితోపాటు లోపాలు కూడా వస్తాయన్నది మరచిపోకూడని సంగతి. చేతుల మీద నిలబడే ఒక కళాకారుడి కొడుకు నా దగ్గరికి వచ్చినప్పుడు, తల కొద్దిగా ఎడమకు వాల్చి, కుడి మోచేతిని సన్నగా వంచి నిలబడేవాడు. ఎంత దిద్దినా తిరిగి అదే భంగిమలోకి వెళ్లిపోయేవాడు. తండ్రిని పిలిపించి చేయించి చూస్తే ఆయనదీ అదే భంగిమ. ఆయనకు కుర్రతనంలో భుజం దెబ్బతింటే, నొప్పి తెలియకుండా ఉండేందుకు అలా సర్దుకున్నారు. కొడుకు ఆరోగ్యవంతమైన భుజంతో ఆ దెబ్బను అనుకరిస్తున్నాడు. మీ నాన్నగారికి కూడా భుజం సమస్య ఉందన్నారు కాబట్టి ఇది మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఆయనను మాటలతో నేర్పమనండి, చేసి చూపించమనకండి. శరీరపు అమరికను బయటి శిక్షకుడు దిద్దాలి. కాలం, లయ, ఎప్పుడు ఆపాలి అన్నవి నాన్నగారు చెప్పాలి. ఈ విభజన ముందే ఇద్దరికీ తెలిసి ఉంటే గురువుల మధ్య పేచీలు రావు. లేకపోతే తప్పకుండా వస్తాయి, మధ్యలో నలిగేది పిల్లలు.

వయసు గురించి కొంచెం వివరంగా రాస్తాను. ఏడేళ్ల బాబుకు దొర్లడం, గెంతడం, వేలాడటం, బంతులు ఎగరేసి పట్టడం, తక్కువ ఎత్తులో తీగ మీద నిలబడటం చాలు. ఆటగానే ఉండాలి. పదకొండేళ్ల పాప పద్ధతి ప్రకారం సాధన మొదలుపెట్టవచ్చు, కానీ వచ్చే మూడు నాలుగేళ్లలో ఆమె వేగంగా ఎదుగుతుంది. ఆ కాలంలో కాళ్లు చేతులు పొడవై, బరువు కేంద్రం మారి, నిన్నటిదాకా వచ్చిన విన్యాసం ఇవాళ రాకుండా పోతుంది. సర్కస్ ఇళ్లలో పెద్దలు దీన్ని మామూలుగా తీసుకుంటారు, ఎందుకంటే అది తమకూ జరిగింది. బయటి తల్లిదండ్రులు మాత్రం పిల్ల శ్రద్ధ తగ్గిందనుకుని కోప్పడతారు. ఎదిగే పిల్లల మణికట్టు ఎముకల చివర్లు ఇంకా మెత్తగా ఉంటాయి కాబట్టి చేతుల మీద నిలబడే సాధనను అదుపులో ఉంచాలి. నడుమును వెనక్కి విపరీతంగా వంచే సాధన ఎక్కువైతే వెన్ను దిగువన పగుళ్లు రావచ్చు. నడుం నొప్పి అని పిల్లలు అంటే ఆ రోజుకు ఆపి వైద్యుడికి చూపించాలి.

పాత పద్ధతుల్లో పిల్లల కాళ్లు విడదీసి పైన కూర్చోవడం, ఏడ్చినా వంచడం, పడితే కొట్టడం ఉండేవి. ఇవన్నీ ఉండబట్టే అంత గొప్ప కళాకారులు తయారయ్యారని వాదించే పెద్దలు ఇంకా ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆ పద్ధతిలో విరిగిపోయి రింగు వదిలేసిన పిల్లల లెక్క ఎవరూ రాయలేదు, నిలబడినవాళ్ల పేర్లే మనకు తెలుసు. బలవంతంగా సాగదీసిన కండరం పట్టు కోల్పోతుందన్నది, తానంతట తాను బలంతో చేరుకోగలిగిన వంపే గాలిలో పనికొస్తుందన్నది ఏ అనుభవజ్ఞుడైన శిక్షకుడైనా చెప్పే మాటే.

మీరు అడగకపోయినా వాలెండా కుటుంబం గురించి ఇంకొంత చెప్పాలి, ఎందుకంటే పరంపర అనగానే అందరూ వాళ్లనే ఉదాహరణగా తీసుకుంటారు. తీగ మీద ఏడుగురు ఒకరిపై ఒకరు నిలిచే వాళ్ల పిరమిడ్ 1962 జనవరి 30న డెట్రాయిట్‌లో కూలింది. ఇద్దరు మరణించారు, కార్ల్ కొడుకు మారియో నడుం కింది భాగం చచ్చుబడిపోయింది. 1998లో అదే నగరంలో తరువాతి తరంవాళ్లు ఆ పిరమిడ్‌ను మళ్లీ నిలబెట్టారు. కార్ల్ మునిమనవడు నిక్ 2012 జూన్‌లో నయాగరా జలపాతం మీదుగా తీగ మీద నడిచాడు. ప్రసారం చేసిన టెలివిజన్ సంస్థ పట్టుబట్టడంతో ఆయన నడుముకు రక్షణతాడు కట్టుకున్నాడు. దాన్ని కొందరు వంశగౌరవానికి లోటుగా మాట్లాడారు. రక్షణతాడు లేకపోవడమే సంప్రదాయమనడం నాకు ఏనాడూ నచ్చలేదు. ప్రేక్షకుల ముందు తాడు లేకుండా చేసినా, సాధనలో నడుముకు బెల్టు, దానికి కట్టిన తాడును పట్టుకున్న శిక్షకుడు ఉండటం చాలా కాలంగా ఉన్న పద్ధతే. మీ పిల్లలకు బెల్టు లేకుండా నేర్పుతానని ఎవరైనా గొప్పగా చెబితే ఆ చోటు వదిలేయండి.

కొన్ని విద్యలు తరం మారినా అందించడానికి వీలులేకుండా పోయాయి. జంతువుల ఐటంలు అలాంటివి. భారతదేశంలో 1998 నాటి ప్రకటనతో ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాల ప్రదర్శన నిలిచిపోయింది. ఇంగ్లాండులో 2019 చట్టం వన్యమృగాలను సర్కస్ నుంచి తొలగించింది, ఫ్రాన్స్‌లో 2021 చట్టం ప్రకారం సంచార సర్కస్‌లలో వాటి నిషేధం 2028 నుంచి అమలవుతుంది. ఆ జంతువుల బతుకు చూసినవాణ్ణిగా ఈ చట్టాలు సరైనవేనని నా అభిప్రాయం. అయితే తరాలుగా అదే నేర్చిన కుటుంబాలు కొన్ని ఏం చేయాలో తోచక చెదిరిపోయాయి, కొన్ని దారి మార్చుకున్నాయి. క్నీ సర్కస్ 2015 తరువాత ఏనుగులను రింగులోకి తేవడం మానేసి గుర్రాల మీదే దృష్టిపెట్టింది.

శిక్షణాశాలలు వచ్చి కుటుంబాల పాత్ర ముగిసిందా అని కూడా మీ ప్రశ్నలో ధ్వనించింది. మాస్కోలో 1927లో ప్రభుత్వమే సర్కస్ పాఠశాల తెరిచింది. పారిస్‌లో 1970ల మధ్యలో దాదాపు ఒకేసారి రెండు పాఠశాలలు వచ్చాయి. వాటిలో ఒకదాన్ని ముగ్గురు ఫ్రాటెల్లినీ విదూషక సోదరులలో పాల్ అనే ఆయన మనవరాలు ఆనీ ఫ్రాటెల్లినీ, రెండోదాన్ని గుర్రపుస్వారీ వంశానికి చెందిన అలెక్సిస్ గ్రూస్, నటి సిల్వియా మోంఫోర్‌తో కలిసి స్థాపించారు. అంటే సర్కస్ వంశాల వాళ్లే తమ విద్యను బయటివాళ్లకు తెరిచి పెట్టారు. మాంట్రియల్‌లో 1981లో, ఫ్రాన్స్‌లోని షాలోన్‌లో 1985లో జాతీయస్థాయి పాఠశాలలు వచ్చాయి. పాఠశాలలు శరీరనిర్మాణం తెలిసిన శిక్షకులను, భద్రతా ప్రమాణాలను, అనేక ఐటంల పరిచయాన్ని ఇస్తాయి. ఇవ్వలేనిది ఒకటే, వర్షం పడి డేరా కారుతున్న రోజున, సగం ఖాళీ కుర్చీల ముందు, జ్వరంతో కూడా అదే నాణ్యతతో ఎలా చేయాలో, లేదా ఈ రోజు చేయకూడదని ఎలా నిర్ణయించాలో. అది అనుభవించినవాళ్ల పక్కన ఉండి చూస్తేనే వస్తుంది. నా శిష్యురాలు ఒకరికి తల్లిదండ్రులు సర్కస్ మనుషులు కారు, నానమ్మ మాత్రం ఒకప్పటి అక్రోబాట్. చూపు మందగించిన ఆ పెద్దావిడ సాధన జరిగే చోట కూర్చుని ట్రాంపొలిన్ చప్పుడు విని, 'ఎడమ కాలు ముందు ఆనుతోంది' అని చెప్పేవారు. నేను వెళ్లి పరీక్షగా చూస్తే నిజంగానే ఆనుతుండేది. మీ ఇంట్లోనూ ఒక తరం తప్పింది కాబట్టి ఈ సంగతి చెబుతున్నాను.

చట్టం విషయం క్లుప్తంగా. దేశాన్ని బట్టి నియమాలు మారతాయి. భారతదేశంలో 2011 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సర్కస్‌లలో పిల్లలను పనిలో పెట్టడాన్ని నిషేధించేందుకు ఆదేశాలిచ్చింది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పిల్లలు సినిమా, టెలివిజన్ వంటి వినోదరంగాల్లో కళాకారులుగా పనిచేయడానికి షరతులతో అనుమతించినా సర్కస్‌ను పేరుపెట్టి మినహాయించింది. నేర్చుకోవడం వేరు, ప్రదర్శనలో పనిచేయడం వేరు. మొదటిదానికి అడ్డు లేదు.

పిల్లలు వద్దంటే ఆపేయాలి, పరంపర పేరు చెప్పి కొనసాగించకూడదు. భయంతోనో మొహమాటంతోనో ఎగిరే పిల్లలు కడ్డీని తప్పు క్షణంలో వదులుతారు, దానివల్ల క్యాచర్‌కూ ప్రమాదమే. ఒక ఇంట్లో పెద్ద కూతురు ఎగరనని తేల్చి చెప్పి రిగ్గింగ్, అంటే తాళ్లు, సామగ్రి బిగించే పని నేర్చుకుంది. ఇవాళ ఆ కుటుంబంలో అందరి ప్రాణాలూ ఆమె బిగింపు మీద ఆధారపడి ఉన్నాయి. వారసత్వంలో అదీ ఒక దారే.

చివరిగా, మధ్యలో తప్పిన తరంగా మీరు చేయవలసిన పని ఒకటుంది. నాన్నగారి దగ్గర కూర్చుని ఆయనకు గుర్తున్నదంతా రాయించుకోండి. వీడియో మాత్రమే తీసి వదిలేయకండి. వీడియోలో విన్యాసం కనిపిస్తుంది కానీ ఏ లెక్కకు ఊపు అందుకున్నారో, చేతుల పట్టు ఎంత పైన పడిందో కనిపించదు. మొదట కొలతలు అడగండి: ఫ్లయర్ కడ్డీకీ క్యాచర్ కడ్డీకీ మధ్య దూరం, రెండింటి తాళ్ల పొడవు, ఎగిరేవాడు నిలబడే పలక ఎత్తు, కడ్డీ పొడవు. తరువాత పిలుపు గురించి అడగండి: ఆయన ఏ క్షణంలో అరిచేవారు, తన ఊపు ఎక్కడ ఉన్నప్పుడు, పొట్టి ఫ్లయర్‌కు ఎంత ముందు, పొడవాటి ఫ్లయర్‌కు ఎంత ఆలస్యంగా. ఆ తరువాత, ఏ సంకేతం చూసి ఆయన పట్టుకోకుండా వదిలేసి ఫ్లయర్‌ను వలలోకి పోనిచ్చేవారో అడగండి. క్యాచర్లు తమంతట తాము చెప్పని విషయం అది, కానీ పాపకు శిక్షణ ఇచ్చే వారికి అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడేది కూడా అదే. కొలతలు రాసుకున్నాక ఇక్కడ పెట్టండి. ఆ కాలపు రిగ్ (తాళ్లు, కడ్డీల అమరిక) తీరును బట్టి ఇవాళ్టి శిక్షణాశాలలో ఏది సరిపోతుందో, ఏది మార్చుకోవాలో చెబుతాను.